నూట పదమూడో ఆకు

పర్లాకిమిడిలో వాన పట్టుకునేలోగా
ఆకులన్నిటికీ నిమ్మగడ్డి నూనె పట్టించాలి.
రోజుకు పన్నెండు. అంతకు మించితే
కళ్ళు నీళ్ళు కారతాయి, జీతం మాత్రం అంతే.

ఈ కట్టలో ఓ సెట్టి భార్య ఉంది.
పెనిమిటి ఓడబేరానికి పోయాడు. వానకారు. పక్కవీధిలో వీణెగాడు.
ఆమెను గడప దాటించడానికి కవికి
ముప్పై రెండు పద్యాలు పట్టాయి:
గజ్జెల్లో దూది కుక్కుకోవడానికే ఒక సీసం,
కుక్కకి చద్దిముద్ద విసరడానికి ఇంకొకటి.
పెళ్ళికా? ఒక్క కందం.
అందులోనూ సగం వంటలే.

నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది.
ఈ కవులు నాకు తెలుసు.
రాత్రంతా ఆమెతో నడుస్తారు, బురదలో జారతారు,
ఆమె చెమటకి ఉపమానాలు వెతుకుతారు.
తెల్లారేసరికి ఉత్తరీయం సర్దుకుని
ధర్మాసనం మీద కూర్చుంటారు.
ముక్కు కోయించేదీ ఆ చేత్తోనే,
యతి తప్పకుండా.
వీణెగాడికి మాత్రం శాపవిమోచనం. గంధర్వుడట.

నూట పన్నెండో ఆకులో ఆమె తిరిగొస్తుంది.
వాకిట్లో పెనిమిటి చెప్పులు.
నూట పద్నాలుగులో ఫలశ్రుతి.
మధ్య ఆకు లేదు.

చెద కాదు. చెదకి ఇంత బుద్ధి ఉండదు.
తాడు వదులవలేదు, ఎవరూ లాగిన జాడ లేదు.
చివరి ఆకుకి మసి రుద్దితే
నకలు తీసిన చెయ్యి బయటపడింది:
"ఒక్క ఆకు నా గంటానికి లొంగలేదు. పెద్దలు మన్నించాలి.
రాయసం వారి కోడలు కొండాంబ వ్రాలు."

మా చిన్నత్త గుర్తొచ్చింది.
కొమ్ముదువ్వెనలు చెక్కే మాగుణి మహారణా ఇంటికి
పట్టపగలే, ట్రంకుపెట్టె రిక్షాలో వేసుకుని వెళ్ళింది.
దూది అవసరం పడలేదు.
తెలుగువీధి ఛీ అంది, ఒడియావీధి ఛి ఛి అంది.
ఆ ఏడాది రెండు భాషలకీ కుదిరిన మాట అదొక్కటే.

నెల తిరిగాక మామయ్య
ఆవిడ మర్చిపోయిన ఉబ్బసం మందుసీసా పంపాడు,
నా చేతికిచ్చి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
అత్త సీసా అందుకుని, నా జడ విప్పి,
కొత్త దువ్వెనతో చిక్కు తీసి, బిగించి అల్లి పంపింది.
మామయ్య ఆ జడ చూశాడు. ఏమీ అనలేదు.

ఆ ఏమీ అనకపోవడం
ఇన్నేళ్ళలో ఏ కట్టలోనూ తగల్లేదు నాకు.

ఫారంలో ఓ గడి ఉంది: లోపాలు.
పెన్ను కాసేపు గాల్లోనే ఉంది.
నూట పన్నెండుకీ నూట పద్నాలుగుకీ మధ్య
నూనె పట్టించిన ఖాళీ ఆకు ఒకటి గుచ్చి
తాడు బిగించాను.
గడిలో "సంపూర్ణం" అని రాశాను.

బయట చినుకులు. గొడుగు తేలేదు.
ఈ పూటకి ఇంకా మూడు ఆకులున్నాయి.