ఆగిపోయిన బండ

సొరాక్ కొండ గేటు దగ్గర ఇంకా చీకటి.
నా సంచిలో స్పానరు, నూనెడబ్బా, ఎర్ర సుద్దముక్క.
ఉల్సాన్ బండ మీది ఇనుప మెట్లకి
ఏటా రెండుసార్లు బోల్టులు చూసే పని నాది.

థాక్ బోంగ్‌షిక్ నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.
నలభై ఏళ్ళు స్క్విడ్ పడవల మీద బతికినవాడు,
నేలమీద కూడా అలమీద నిలబడ్డట్టే
కాళ్ళు ఎడంగా వేసి నడుస్తాడు.
"నీ మెట్లు ఎన్ని వదులయ్యాయో నేనూ చూస్తా" అన్నాడు.
డెబ్భై ఆరేళ్ళు.
కాదనడానికి నాకు నోరు రాలేదు.

ఊగే బండ దగ్గర
సెలవు మీదొచ్చిన ఇద్దరు సిపాయి కుర్రాళ్ళు
భుజాలానించి తోస్తున్నారు.
అది కాస్త ఊగుతుంది, అంతే,
ఎవరు తోసినా ఎక్కడికీ పోదు.
బోంగ్‌షిక్ ఆగి, వాళ్ళ బూట్ల వంక చాలాసేపు చూశాడు.

పక్కనే బోర్డు మీద కథ:
ఉత్తరాన కుంగాంగ్ కొండకి
పన్నెండు వేల శిఖరాల కొలువుకి పిలుపొస్తే
ఈ బండ కూడా దక్షిణాన్నించి బయల్దేరిందట.
ఒళ్ళు బరువు, నడక మందం,
చేరేలోపే జాగాలన్నీ నిండిపోయాయట.
ఊరికి తిరిగెళ్ళే మొహం లేక
ఇక్కడ ఓ రాత్రి కునుకు తీసి
మరి లేవలేదట.

"ఆలస్యమూ లేదు, గీలస్యమూ లేదు,"
అన్నాడు బోంగ్‌షిక్, ఉమ్ముతూ.
"దారి మూసేసుంటారు."

తర్వాత మెట్లు.
గాలి కమ్మీల్లోంచి దూరి సన్నగా ఈల వేస్తోంది.
నేను వంగి బోల్టు తట్టి, విని,
వదులైతే సుద్దగీత పెట్టి బిగిస్తున్నాను.
ఆయన రాతిని అరచేత్తో నిమురుతూ ఎక్కుతున్నాడు
చేప పొలుసు ఎటు తిరిగిందో చూసినట్టు.
అభ్రకం ఆ వేళ్ళకి అంటుకుని మెరుస్తోంది.

మూడొందలో మెట్టు దగ్గర, ఊపిరి కోసం ఆగినప్పుడు,
నేనడక్కుండానే:
"మూణ్ణెల్ల పసిగుడ్డుని నన్ను వీపుకి కట్టుకుని
హామ్‌హుంగ్ నించి వచ్చింది మా అమ్మ.
సొక్చో ఇసుకలో నాలుగు రాటలు పాతి, పైన రేకులు కప్పింది.
పునాది వెయ్యనివ్వలేదు.
నెలకో, రెణ్ణెల్లకో వెళ్ళిపోయే ఇంటికి
పునాదెందుకంది.
ఆ రాటలు నేనే మూడుసార్లు మార్చాను."

శిఖరం మీద ఎండ ఒక్కసారిగా మీద పడింది.
తూర్పున సముద్రం, దాని అంచున ఆయన ఇల్లు,
అగ్గిపెట్టెలో సగం కూడా లేదు.
జనం ఉత్తరం వైపు తిరిగి ఫోటోలు దిగుతున్నారు.
ఆయన అటు చూడలేదు.
"ఆ స్పానరు ఇటివ్వు," అన్నాడు.

చిట్టచివరి కమ్మీ.
బండని ఇనుముతో కలిపే పెద్ద బోల్టు.
దాన్ని నేను పొద్దెక్కకముందే చూశాను,
కిందటేడే కొత్తది వేశాం, చెక్కుచెదరలేదు.
మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళు బిగబట్టి,
ఎడమవైపుకి తిప్పాడు.
అర చుట్టు.
ఇనుము కిర్రుమంది.

బండ వంక చూశాడు.
నేనూ చూశాను, ఎందుకో తెలీదు.
ఓ కాకి లేచి, మళ్ళీ అక్కడే వాలింది.

తర్వాత తనే కుడివైపుకి తిప్పి, గట్టిగా బిగించి,
స్పానరు ప్యాంటుకి తుడిచి ఇచ్చాడు.

సాయంత్రం రిపోర్టులో రాశాను:
వదులైనవి పదకొండు.
అన్నీ సరిచేయబడినవి.