కాగితం పరీక్ష

"చేతులు చాపునా" అంటాను.
చెంగల్రాయులన్న చాపుతాడు.
వేళ్ళ మీద ఒక తెల్లకాగితం పెడతాను.
మాట్లాడకుండా ఇద్దరం వింటాం.

మొదటి రాత్రి ఆ కాగితం
రేణిగుంట రైలు పోయేటప్పటి కిటికీ రేకు.
చార్టులో వణుకు గడిలో ఏడు రాసినాను,
చెమట గడిలో అయిదు.
సిగ్గుకు గడి లేదు.

ఇరవై ఆరేళ్ళు కొండ మీద
కల్యాణకట్టలో కత్తి పట్టిన చేతులివి.
ఏడ్చే పసిబిడ్డ మాడు మీద కూడా
గాటు పడనీయని చేతులు.
ఒకనాడు ఒక ముసలామె చెవి వెనక
సన్నంగా ఎర్రగీత.
"పోనీలే నాయినా, దేవుడి పని" అనిందంట ఆమె.
ఆ మాటకే ఆ పొద్దు ఇంకో క్వార్టరు పట్టిందంట.
"తిట్టుంటే మానేస్తానేమో మే" అంటాడు.
నాకట్ల అనిపించదు.
తిట్టేవాళ్ళకి కొదవా ఆయనకి?

మూడో రాత్రి
దుప్పటి మీద వెంట్రుకలు ఏరేది మొదలుపెట్టినాడు.
లేని వెంట్రుకలు.
తెల్లవి ఒక పక్క, నల్లవి ఒక పక్క.
"చూసుకోని నడువు మే, కాళ్ళకి చుట్టుకుంటాయి."
ఉండాయని ఒప్పుకోవద్దని చదువులో చెప్పినారు,
లేవని వాదించొద్దని కూడా చెప్పినారు.
లైటు వేసినాను. పేరు పెట్టి పిలిచినాను.
ఇది తిరుపతి పెద్దాసుపత్రి,
ఈ పొద్దు బేస్తవారం,
నేను పరిమళని.
డాక్టరును లేపి, సూది వేసి,
స్టూలు లాక్కోని పక్కనే కూర్చున్నాను.
తెల్లారి ఊడ్చేదానికి వచ్చిన
చీపురు చప్పుడుకి ఉలిక్కిపడి
"అంతా ఎత్తేసినారా?" అని అడిగి
నిద్రపోయినాడు.

"మళ్ళీ వచ్చినాడా ఈయన?"
డ్యూటీ మారేటప్పుడు కొత్తపిల్ల అడిగింది.
మూడోసారి.
షుగరు పెరిగి మూడోసారి వచ్చినోళ్ళని
మళ్ళీనా అని అడగం కదా అన్నాను.
గట్టిగానే అన్నానేమో, పాప మొహం చిన్నబోయింది.
నేనూ మొదటి సంవత్సరం అట్లే అడిగినదాన్నే.
మా నాయన ఉండే రోజుల్లో
ఇంట్లో ఇంకా ఘోరంగా అడిగినదాన్ని.

మధ్యాహ్నం సుగుణమ్మ వస్తుంది,
రాగిసంగటీ ఊరుబిండీ పట్టుకోని.
నేను నోరు తెరవకముందే
క్యారియరు అడుగుగిన్నె దాకా విప్పి చూపిస్తుంది.
పోయినసారి మజ్జిగ సీసాలో
వాళ్ళన్నే తెచ్చిచ్చినాడు మరి.
"చూడు మే, ఏమీ లేదు."
చూడాల్సిందే. చూస్తాను.
ఆ పూట నాకు అన్నం సయించదు.

ఏడో నాడు గడ్డం గీసుకుంటానన్నాడు.
వార్డులో బ్లేడు రోగి చేతికివ్వం,
లెక్కబెట్టి తాళం వేస్తాం.
నేనే గీస్తానంటే
నవ్వినాడు, వచ్చినాక మొదటిసారి.
నురగ పూసి ఒక గీత గీసినానో లేదో
"అట్ల కాదు మే, తోలు ఎదురు లాగు,
బ్లేడు పడుకోబెట్టు,
ఊపిరి బిగబట్టద్దు"
అని నా చెయ్యి పట్టుకున్నాడు.

గొంతు దగ్గర
కొంచేపు బ్లేడు వణికింది.
ఎవరి వణుకని ఏ గడిలో రాసేది?
ఆగినాం.
ఇంగోసారి మొదలుపెట్టినాం.

అద్దమిస్తే చూసుకోలా.
దవడ కింద తడుముకోని
"ఈ పక్క వదిలేస్తివే" అన్నాడు.
"బ్లేడు లెక్క రాసుకో ముందు, మర్చిపోతావు."
ఒకటి, అని రాసుకున్నాను.

తల ఎత్తేసరికి
నేనడక్కుండానే చేతులు చాపి ఉన్నాడు,
కాగితం కోసం.