రెండు ఓడల నడుమ

చూసింది చెప్పకూడదు.
నా ఉద్యోగంలో మొదటి నియమం అదే.

మహారాణిపేట, స్కానింగ్ సెంటర్ కింది అంతస్తు.
ఏసీ చలికి శాలువా కప్పుకుని నేను.
సూరాడ ఎల్లాజీ, నలభయ్యారేళ్ళు,
పోర్టు టగ్గు మీద సరంగు.
మోకు లాగుతూ రెండుసార్లు కూలబడ్డాడట.
ఈసీజీలో ఏమీ లేదు. ఎకోలో ఏమీ లేదు.
ఇంట్లో గ్యాసన్నారు, వీధిలో దిష్టన్నారు.

గుండె నెమ్మదించే మాత్ర వేసి గంట కూర్చోబెట్టాను.
డెబ్బై ఎనిమిది. డెబ్బై ఒకటి. అరవై నాలుగు.
మెడలో తాయెత్తు తీసి ట్రేలో పెట్టమంటే
"ఇది ఇనుం కాదమ్మా, రాగి" అన్నాడు.
అయినా తీశాడు.

మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడెక్కుతుంది,
బట్టలు తడిసినట్టుంటుంది, తడవవు, భయపడకండి.
గాలి పీల్చండి. బిగబట్టండి.
మిషను గొంతు హిందీలో చెబుతుంది,
దాన్ని ఆపేసి నేనే మైకులో చెబుతాను.
నీళ్ళలో మునిగి ప్రొపెల్లరుకి చుట్టుకున్న వల కోసినవాడు,
ఈ పది సెకన్లు అతనికో లెక్కా!

తెర మీద గుండె తిరిగింది.
ఎడమ గూటిలోంచే రెండు నాళాలూ మొలిచాయి.
కుడివైపు పోవలసింది
దారి వెతుక్కుంటూ, రెండు పెద్ద ధమనుల సందులో దూరి
మొదట్లోనే ఈనెలా నలిగి ఉంది.
పుట్టకముందే పడిన దారి.

"ఏటి కనిపించిందమ్మా?"
"డాక్టరు గారు చెబుతారు."
నీటి రంగు చూసి లోతు చెప్పేవాడు
నా ముఖం కాసేపు చూశాడు.
చెప్పులేసుకున్నాడు.

నాలుగో రోజు మళ్ళీ వచ్చాడు.
డాక్టరు బొమ్మ గీసిచ్చిన చీటీ నా బల్ల మీద పరిచి
నాకే పాఠం మొదలెట్టాడు:
"ఇదిగో, ఇటో పెద్ద ఓడ, అటో పెద్ద ఓడ,
నడిమిన నా టగ్గు.
అవి లంగరేసుకుని ఉన్నంతసేపు నాకేటీ అవదు.
జోరందుకున్నాయనుకో,
మజ్జిన నీరన్నది లేకుండా కమ్ముకొస్తాయి.
అప్పుడు నలిగేది నానే కదా."
చీటీ మడతపెట్టి మళ్ళీ విప్పాడు.
"నలభయ్యారేళ్ళు ఏ పైలట్టూ లేకుండా
ఆ సందులోంచే తెచ్చీసింది సూడు, నెత్తురు!"
కోపమో, గర్వమో.

ఆపరేషనంట. దారి మార్చి కుడతారంట.
తాయెత్తు అడగడం అతను మరిచాడు,
ఇవ్వడం నేను మరిచాను.

సాయంత్రం డాల్ఫిన్ నోస్ కింద కాలవలోకి
ఏదో ఓడ వస్తున్నట్టుంది, కూత వినిపించింది.
మణికట్టు మీద వేలు పెట్టుకున్నాను.
డెబ్బై ఎనిమిది.
నా లోపల ఏది ఏ దారిన పోతోందో
చూసినవాళ్ళెవరూ లేరు.