నోబిడ్

ఆకు చేతిలోకి తీసుకుంటే చాలు,
అది ఏ బ్యారన్లో కాలిందో, ఏ రాత్రి మంట ఎక్కువైందో చెప్తా.
ఇరవై రెండేళ్లు టంగుటూరులో గ్రేడింగుకే పోయినయ్.
మనుషుల్ని ఏరటం మాత్రం
మొన్న ఒంగోలు లాడ్జిలోనే చూశా.

పెద్దాయన పోయి నలభై రోజులు కాలా.
ఎంపీ కుర్చీ ఖాళీ, ఉప ఎన్నికంట.
తలకి మూడొందలు, బిర్యానీ పొట్లం,
"అభిప్రాయం చెప్పాల" అని ఆటో ఎక్కించారు.
ఏ అభిప్రాయమో కూడా ఆటోలోనే చెప్పారు.

లోపల ఏసీ గదిలో పరిశీలకుడు,
ముక్కు కొసన కళ్లద్దాలు,
అచ్చం మా వేలం కాడ కంపెనీ బయ్యరు మాదిరి.
కాకపోతే బయ్యరు ఆకుని వాసనన్నా చూస్తాడు.

ముందు పెద్దాయన భార్య, సుగుణమ్మ గారి పేరు.
ఆమె రాలా, ఆమె ఏడుస్తున్న ఫొటో వచ్చింది.
"సానుభూతి ఎన్నాళ్లుంటది?" అని అడిగాడాయన,
పాలు ఎప్పటికి విరుగుతయ్యో అడిగినట్టు.
తర్వాత చీమకుర్తి క్వారీ ఆయన.
ఆయన్ని ఏమీ అడగలా.
కుర్చీ వేశారు, తలుపేశారు,
మేం రెండుసార్లు టీ తాగినా తలుపు తెరవలా.
ఇంకెవరో రిటైరైన ఆఫీసరు
ఏ మండలంలో ఏ కులం ఎంతమందో
ఎక్కం ఒప్పజెప్పినట్టు చెప్పాడు.
మా వాడ దాకా వచ్చి
"వీళ్లు ఎట్టాగూ మనోళ్లే" అని పేజీ తిప్పాడు.

చివరాఖరికి కాలేషా.
మా కాలేషా!
ముప్పై ఒక్కేళ్లుగా గోడలకి మైదా పూసిన చెయ్యి,
జెండా కర్రలు మోసి మోసి
ఒక భుజం కిందికి జారిన మనిషి.
గేదెని అమ్మి దరఖాస్తు రుసుం కట్టాడు.
"ఎంత పెట్టగలవు?"
"ప్రాణం పెడతా సార్."
గదిలో ఎవరో నవ్వారు. పరిశీలకుడు నవ్వలా.
ఆ నవ్వకపోవటానికే నాకు భయమేసింది.
మా వేలంలో దాన్ని నోబిడ్ అంటారు.
బయ్యరు ముట్టడు, ఆగడు, పక్క బేలుకి పోతాడు.
రైతు బాడుగ తనే పెట్టుకుని
సరుకు ఇంటికి తోలుకుపోవాల.

ఆ రాత్రి ఫోను మోగింది. టేపు గొంతు.
ఫలానా వారైతే ఒకటి నొక్కండి,
ఫలానా అయితే రెండు, మూడు,
ఎవరూ కాదంటే నాలుగు.
కాలేషాకి అంకె లేదు.
పొగాకు జిగురంటిన బొటనవేలితో
అయిదు నొక్కా.
"మీరు తప్పు అంకె నొక్కారు"
అంది ఆ గొంతు, ఎంతో మర్యాదగా.

నామినేషన్లకి ఆఖరి రోజు, రెండూ యాభైకి
విజయవాడ నుంచి కారొచ్చింది.
కవర్లో బీ-ఫారం. దాంట్లో పేరు
ఆ లాడ్జి మెట్లెక్కిన ఏ ఒక్కరిదీ కాదు.
ఎవరో కాంట్రాక్టరంట,
పెళ్లి మన జిల్లాలో చేసుకున్నాడంట,
కాబట్టి మనోడేనంట.

పొద్దుగూకినాక కాలేషా వచ్చాడు,
చంకలో పోస్టర్ల చుట్ట.
"ఏమబ్బయ్యా, ఆ డబ్బులు తిరిగిస్తారా?"
"ఇయ్యరు మాలకొండమ్మా. రసీదిచ్చారుగా."
జేబులోంచి తీశాడు.
చెమటకి అంకెలు అలుక్కుపోయినయ్.

చుట్ట విప్పితే కొత్తాయన మొహం,
నవ్వుతా ఉంది.
"ఈయన పేరు ఎట్టా పలకాల?" అన్నా.
ఒకసారి చూశాడు, ఇంకోసారి చూశాడు.
"రేపు కనుక్కుంటాలే.
కాస్త మైదా ఉడకెయ్యి, ఉండ కట్టకుండా.
వాన పడితే ఊడిపోతాడు."

పొయ్యి ముట్టించా. గరిటె తిప్పుతా ఉన్నా.
అప్పుడు కనపడింది,
చుట్టకి కట్టుకొచ్చిన తాడు
గేదె పలుపు.