దూది

నెలకొక సీసా. ముప్పై మాత్రలు.
లోకల్ రైలు కుదిపినప్పుడల్లా
నన్ను పేరు పెట్టి పిలిచినట్టు
సంచిలో గలగల.

అందుకే దూది.
ఆసుపత్రి గేటు దాటకముందే
సీసా మీది కాగితం గోటితో గీకేసి
మూతకింద ఇంత దూది కుక్కుతాను,
ఏడుపు బయటికి రాకుండా
నోట్లో కొంగు కుక్కుకున్నట్టు.

సైదాపేటలో, మా ఇంట్లో, నా గ్లాసు వేరు.
వేరని ఎవరూ అనలేదు.
అడుగున ఎర్రటి గోళ్లరంగు చుక్క
ఒక పొద్దున దానంతటదే పుట్టింది.
మా వదిన మంచిదే, చుక్క చిన్నగానే పెట్టింది.
పిల్లాణ్ణి నా ఒళ్లోంచి తీసుకుంటూ
"నీకసలే నడుం నొప్పి" అంటుంది.
నాకు నడుం నొప్పి లేదు.

కంపెనీలో మిషను సూది వేల్లో దిగిన రోజు
కాలరు మీద పడిన నెత్తుటి బొట్టు చూసి
అందరికంటే ముందు నేనే
నా నుంచి దూరం జరిగాను.

శానటోరియం స్టేషన్ బెంచీ మీద
సూళ్లూరుపేట నుంచి రెండు రైళ్లు మారి వచ్చిన చెంగమ్మ
నా పక్కన కూలబడింది.
ఆమె గుడ్డసంచిలో అదే గలగల.
దాచలేదు. దానిమీదే చెయ్యేసుకుని
కొత్త గాజులు కొనుక్కున్నదానిలా కూచుంది.

నా సంచి లాక్కుని చెవి దగ్గర ఊపింది.
చప్పుడు లేదు.
"దూది పెట్టుండావా?"
తలొంచుకున్నాను.
"తీసెయ్ మ్మే. దూదికి చెమ్మ పట్టుద్ది.
మాత్ర పాడైపోద్ది."

అంతే. ఓదార్పు లేదు, దేవుడి ఊసు లేదు.
పదకొండేళ్లంట తనకి.
మొదటి రెండేళ్లూ బియ్యం డబ్బాలో దాచిందంట,
ఒకసారి ఎసట్లో పడిందంట మాత్ర.
పగలబడి నవ్వింది. పళ్లు సగం లేవు.
మజ్జిగ సీసా మూతి కరుచుకుని తాగి నాకిచ్చింది.
తుడవలేదు.
నేనూ తుడవలేదు.

పల్లావరం, తిరుసూలం, గిండీ...
రెండు సంచుల్లో రెండు చప్పుళ్లు.
ఎదుటి సీట్లో కాలేజీ పిల్ల
ఫోన్లోంచి ఒకసారి తలెత్తి, మళ్లీ దించుకుంది.
లోకం అంతకంటే ఏమీ కాలేదు.

సైదాపేటలో నేను దిగేముందు
ఆమె పేరు అడిగాను గానీ
నా పేరు చెప్పడం మరిచిపోయాను.
వచ్చే నెల మొదటి శుక్రవారం, అదే బెంచీ అంది.

ఇంటి మలుపులో ఆగాను.
దూది ఇంకా గుప్పిట్లోనే ఉంది.
తెరిచి చూశాను.
నిజమే.
చెమ్మ పట్టుద్ది.