ఏడు పదహార్లు

మా ఆసిఫ్‌నగర్‌లో నల్లా రోజు విడిచి రోజు,
అదీ తెల్లవారుజామున మూడున్నరకి.
రెండింటికే లేచి కూర్చోవడం అలవాటైంది.
ఆ గంటన్నరలోనే
ఈ పెట్టెతో నా చదువు.

నూట ఇరవై ఎనిమిది మీటలు,
అడ్డంగా పదహారు, నిలువుగా ఎనిమిది.
మీద ఒక్క అక్షరం ముక్క లేదు.
పక్కన ఇనుప చట్రంలో
ఏడాదిన్నర జీతంలోంచి మిగిల్చి
ఒక్కొక్కటే కొన్న సింథ్ ముక్కలు.
వాటి తీగలు కిందికి వేలాడుతున్నాయి
పొద్దున్నే ఇంకా దువ్వని తలలా.

మొదటి వారం చప్పుడే లేదు.
దీపం మాత్రం ఎడమ నుంచి కుడికి
ఒంటికాలి మీద తొక్కుడుబిళ్ళ ఆడుతూ పోయేది,
చివరి గడి దాటి మళ్ళీ మొదటి గడిలో దిగేది.
వెలిగించిన మీట మీద కాలు పడితే
ఎక్కడో ఏదో మోగాలి కదా?
చేతిపుస్తకం మూడుసార్లు చదివాను.
చివరికి కోఠీలో పవర్ సప్లై కట్టిచ్చిన ముజ్తబా
ఫోన్లో ఫొటో చూసి నవ్వాడు.
"అవుట్‌లకెల్లి తీసి అవుట్‌లనే పెట్టినవ్ అక్కా.
ఇద్దరూ చెప్పేటోళ్ళే. వినేటోడెవడు?"

తీగ మార్చాను.
టక్.
అంతే, ఒక్క టక్.
గోడ మీది బల్లి కూడా ఆగి చూసింది.

పగలు నాది లక్డీకాపూల్‌లో ఈసీజీ తీసే పని.
గులాబీ గళ్ళ కాగితం, దాని మీద ఎవరిదో గుండె.
ఎక్కడ దెబ్బ తప్పిందో నాకు ముందే కనబడుతుంది,
చెప్పే హక్కు లేదు.
"డాక్టరుగారు చూస్తారు" అని
జెల్లు తుడుచుకోమని దూది ఇస్తాను.
పదకొండేళ్ళు.
ఈ పెట్టె దగ్గర మాత్రం
దెబ్బని తప్పించేది నేనే.
ఐదో గడి ఆర్పి, తొమ్మిదోది ఆర్పి,
పన్నెండు పదమూడు పక్కపక్కనే వెలిగించి
ఇష్టమొచ్చినట్టు కొట్టుకోనిస్తాను.
ఎవరూ పోరు.

నిన్న కొత్తది తెలిసింది,
ఏ వరుస పొడవు ఆ వరుసకే ఇవ్వచ్చని.
పైదాన్ని పదహారుకి వదిలి
కిందిదాన్ని ఏడో గడి దగ్గర కత్తిరించాను.
పైది బుద్ధిగా చివరిదాకా నడుస్తుంటే
కిందిది సగంలోనే వెనక్కొచ్చి, ఎదురుపడి,
పలకరించకుండా దాటిపోతోంది.
మళ్ళీ ఇద్దరూ కలిసి
ఒకటో గడిలో ఎప్పుడు కాలు పెడతారు?

సర్కారు బడిలో గొంతు చించుకుని అరిచిన ఎక్కం
ఇన్నాళ్ళకి పనికొచ్చింది.
ఏడొకట్ల ఏడు, ఏడు రెండ్లు పద్నాలుగు,
ఏడు పదహార్లు నూట పన్నెండు.
కాగితం మీద సరే,
చెవితో చూద్దామని
వేగం తగ్గించి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
ముప్ఫై దాకా గొణుగుతూ, తర్వాత వేళ్ళ కణుపుల మీద.
డెబ్భై దగ్గర ఎవరో మోటారు వేశారు.
బల్బు ఒక్కసారి కునికింది,
సింథ్ గొంతు సగం స్వరం కిందికి జారింది,
కూర్చునే నిద్రపోయిన మనిషి తలలా.
సరిచేయడానికి చెయ్యి పోయింది గానీ
లెక్క తప్పుతుందని ఊరుకున్నాను.
మా వీధి కరెంటు కూడా వాయిస్తే వాయించనీ.

నూట ఆరు.
"పానీ గిర్రా అమ్మా, పానీ!"
కింది వాటాలోంచి షహనాజ్ బీ.
నూట ఏడు. మూడింటికే పైపు డ్రమ్ములో వేసి
మర్చిపోయింది నేనే.
నూట ఎనిమిది. మెట్ల మీద నీళ్ళు.
నూట తొమ్మిదికి లేచాను.
నూట పదికి గడప దాటాను.

నైటీ ఎత్తిపట్టుకుని నీళ్ళలో దిగుతుంటే
పైన ఇద్దరూ కలుసుకున్నట్టున్నారు.
డబ్‌మని ఒకటే దెబ్బ పడి ఉంటుంది,
నీళ్ళ హోరులో సరిగ్గా వినబడలేదు.

షహనాజ్ బీ చీపురు నా చేతికిచ్చి
"రాత్రంతా పైన ఏందమ్మా టక్ టక్?" అంది.
చదువుకుంటున్నా అన్నాను.
"ఈ వయసులనా" అని తనూ ఒక బకెట్ పట్టుకుంది.

పైనుంచి ఒక్కో మెట్టూ ఊడ్చుకుంటూ దిగాను.
పద్నాలుగు మెట్లు.
ఇన్నేళ్ళలో ఎప్పుడూ లెక్కపెట్టలేదు.