ఇత్తడి గొట్టం

భుజం మీద పట్టీ ఒరిసిన చోట
నాకు వెంట్రుక మొలవదు.
ముప్పయ్యేళ్లు ప్రత్తిపాడు చుట్టుపక్కల మిరప చేలల్లో
డబ్బా మోసిన గుర్తు అది.
ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు,
ఏసోబు మందు కొడితే
పురుగు పేరు మిగలదని.
కంపెనీ వాళ్లొకసారి టోపీ కూడా ఇచ్చారు.

ఇప్పుడు కమ్యూనిటీ హాలు తాళాలు నా మొలతాడుకుంటాయి.
పెళ్లికి మూడు వేలు, దినానికి వెయ్యి,
గిన్నెలు తోమి అప్పజెప్పకపోతే ఇంకో రెండొందలు.
వెనక ఎనిమిది సెంట్లు ఖాళీ:
ఎండిన విస్తళ్లు, షామియానా మేకుల గుంటలు,
గోడవారన అంగన్వాడీ ఆయా పెట్టిన
ఒకే ఒక్క గుమ్మడి పాదు.

ఒకరోజు పొద్దున్నే దీనమ్మ అక్కడ వంగి
మగపువ్వు తుంచి, రెక్కలు వలిచి,
ఆడపువ్వు కడుపులో మెల్లిగా అద్దుతోంది.
"ఏందే అది?" అన్నా.
"ఈగ పని," అంది తలెత్తకుండా.
"వచ్చేవి రావట్లా. పిందెలన్నీ పసుపెక్కి రాలిపోతున్నయ్.
పిల్లల పులుసులోకి రోజూ కొనమంటావా?"

నేనేమీ అనలా.
రానివాళ్లు ఎందుకు రారో
ఆమెకంటే నాకే ఎక్కువ తెలుసు.

తొలకరికి పలుగు పట్టా.
జనుము చల్లాం, నువ్వులు చల్లాం,
గోడ పొడుగునా కంది, మధ్యలో బంతి, తులసి.
తుమ్మి దానంతటదే లేచింది.
గడ్డిచేమంతి పీకబోతే దీనమ్మ నా చెయ్యి పట్టుకుంది.
సర్పంచి గారి మొగుడొచ్చి,
"క్రోటన్లు పెట్టించరాదూ, ఫోటోకి బాగుంటయ్,
ఈ పిచ్చిమొక్కలేంది?" అన్నాడు.
గుమ్మం పక్కన జిల్లేడు అరిష్టమని కొట్టించాడు.
చెత్తకుండీ వెనక ఇంకోటుందని
మేమూ చెప్పలా.

వానలు ముఖం చాటేస్తే
నీళ్లు పొయ్యటానికి నా పాత డబ్బా తెచ్చా.
ఏడుసార్లు కడిగా,
సబ్బుతో, బూడిదతో, చివరికి చింతపండుతో.
దీనమ్మ మూత తీసి వాసన చూసింది.
మూత పెట్టేసింది.
అంతే.
ఆ నెలంతా బోరింగు దగ్గర్నుంచి బిందెలతో మోశాం.
డబ్బాని పాత ఇనుము వాడికేశా.
మూతి ఊడిన ఇత్తడి గొట్టం ఒక్కటీ
ఎందుకో ఇవ్వబుద్ధి కాక
వెనక చూరులో దోపా.

మొదట వచ్చింది చీమ.
తర్వాత మేక.
కార్తీకంలో ఆవాలు పూస్తే
ఒక పసుపు సీతాకోక వచ్చి, దారి తప్పినట్టు తిరిగి,
వెళ్లిపోయింది.
మాఘంలో పెళ్లివారు
బంతి మడిలో గాడిపొయ్యి తవ్వారు.
రెండొందలు ఎక్కువే వసూలు చేశా,
పూలకి అది లెక్కేం కాదు.
కాలగా మిగిలిన సగం మాత్రం పూసింది.

మొన్న చూరు కింద చుట్ట కాలుస్తుంటే
నల్లటి ఈగ ఒకటి, పొట్ట కింద పసుపు నూగు,
గుండ్రంగా కత్తిరించిన కందాకు ముక్క
కాళ్ల మధ్య చాపలా చుట్టి పట్టుకుని
నా ఇత్తడి గొట్టంలోకి దూరింది.
వచ్చింది, పోయింది, ఇంకో ముక్క తెచ్చింది.
గొట్టం లోపల పిల్లల పక్క సర్దుతోంది.

వద్దే తల్లీ, అన్నా పైకే.
ఆ గొట్టంలో ఏమేం పారిందో
నీకెవరు చెబుతారు.
లాగేద్దామని చెయ్యెత్తా.
"ముట్టుకోమాక," అంది వెనక నుంచి దీనమ్మ.

వెదురు కోసి, వేలెడు వేలెడు గొట్టాలు చేసి
దాని పక్కనే తీగతో కట్టా.
ఆ ఈగ వాటి వంక చూడలా.

దీనమ్మ ఇంకా మగపువ్వులు తుంచుతూనే ఉంది.
ఈ మధ్య మాత్రం పాదుకో పువ్వు
అద్దకుండా వదిలేస్తోంది,
ఎవరన్నా వస్తారేమోనని.

ఇత్తడి గొట్టం మూతి ఆకుతో మూసుకుని పదకొండు రోజులు.
హాలు తాళం తీసేముందు
రోజూ వెనక్కెళ్లి చూసొస్తా.
ఇంకా తెరుచుకోలా.